ఫార్మాట్ కొట్టిన ఫోన్, తిరిగిరాని వాలెట్: వికేంద్రీకృత వెబ్ డిజైన్‌లో అసలు చిక్కు

అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ రిపేరుకిస్తే తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఫార్మాట్ కొట్టాలె అన్నా, డేటా పోతది." చాలామంది పెద్దగా ఆలోచించకుండానే సరే అంటారు. సిమ్ వేసి నంబరు కొడితే వాట్సాప్ తిరిగొస్తుంది. డెబిట్ కార్డు మీది చివరి ఆరు అంకెలు, గడువు తేదీ ఇస్తే యూపీఐ పిన్ కొత్తది పెట్టుకోవచ్చు. ఫొటోలు ఎలాగూ గూగుల్‌లో ఉంటాయి. కానీ అదే ఫోన్‌లో బిట్‌కాయిన్, ఈథీరియం లాంటి క్రిప్టో సొమ్ముకు సొంత వాలెట్ యాప్ ఉండి, తాళంచెవిని తిరిగి తెచ్చుకోవడానికి మొదటిరోజు తెర మీద చూపించిన పన్నెండు పదాలు ఎక్కడా రాసుకోకపోతే అందులోని సొమ్ము పోయినట్టే. దొంగతనం జరగలేదు, మోసమూ జరగలేదు. అందరి లావాదేవీలూ నమోదయ్యే ఉమ్మడి లెక్కల పుస్తకంలో, అంటే లెడ్జర్‌లో, ఆ సొమ్ము ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని తీసే తాళంచెవే లేదు.

వేల్స్‌లోని న్యూపోర్ట్‌కు చెందిన జేమ్స్ హొవెల్స్ కథ ఇలాంటిదే. 2013లో చెత్తలోకి వెళ్ళిపోయిన ఒక హార్డ్ డ్రైవ్‌లో సుమారు 8,000 బిట్‌కాయిన్ల తాళంచెవి ఉండిపోయింది. డంపింగ్ యార్డు తవ్వుకోనివ్వమని ఆయన ఏళ్ళ తరబడి అక్కడి కౌన్సిల్ చుట్టూ తిరిగి, చివరికి కోర్టుకెక్కాడు. 2025 జనవరిలో కోర్టు కేసు కొట్టేసింది. కంప్యూటర్లు బాగా తెలిసిన మనిషికే ఈ గతి పట్టింది.

వికేంద్రీకృత వెబ్ అనే మాట కింద చాలా రకాలున్నాయి. బ్లాక్‌చెయిన్ అనే ఆ ఉమ్మడి లెడ్జర్ మీద నడిచే వాలెట్లూ, అప్పులిచ్చే యాప్‌లూ ఒక రకం. మాస్టడాన్, బ్లూస్కై లాంటి సోషల్ మీడియా ఇంకో రకం. ఫైళ్ళను చాలా కంప్యూటర్లలో పంచి ఉంచే ఐపీఎఫ్ఎస్ లాంటి వ్యవస్థ మరొకటి. అన్నిటి మూలసూత్రం ఒకటే: మధ్యలో ఒకే కంపెనీ, ఒకే సర్వరు, ఒకే యజమాని ఉండకూడదు. అలా ఉంటే వాళ్ళు ఖాతా మూసేయగలరు, ధర పెంచగలరు, మన రాతలు అమ్ముకోగలరు. ఆ భయంలో నిజం ఉంది కాబట్టే ఇంతమంది దీని వెంట పడ్డారు.

అయితే మధ్యలో ఉన్న మనిషి పెత్తనం మాత్రమే చేసేవాడు కాదు. పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది ఇచ్చేవాడు. పొరపాటున వేరే ఖాతాకు డబ్బు పోతే ఫిర్యాదు రాసుకునేవాడు. చిట్టీ లెక్క తేడా వస్తే పుస్తకం తీసి చూపించేవాడు. ఆ కుర్చీ తీసేసినంత మాత్రాన ఆ పనులు మాయమైపోవు. అవి నేరుగా వాడేవాడి నెత్తిన పడతాయి. వికేంద్రీకృత ఉత్పత్తులు వాడటం ఎందుకింత కష్టం అని అడిగితే బటన్లు బాగాలేవు, రంగులు బాగాలేవు అన్న జవాబు తరచూ వస్తుంది. రంగులు మార్చి చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు, కష్టం తగ్గలేదు. గుమాస్తా పని, మేనేజరు పని, సెక్యూరిటీ గార్డు పని అన్నీ ఇప్పుడు ఎవరు చేయాలన్నది తేల్చకుండా తెర గీయడం మొదలుపెట్టడమే అసలు లోపం.

ఈ లోపం అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే చోటు సంతకం. తెలుగువాళ్ళకు దీని గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఖాళీ ప్రోనోటు మీద వేలిముద్ర వేయించుకుని, తర్వాత అంకె నింపుకున్న వడ్డీ వ్యాపారుల కథలు ఊరూరా ఉన్నాయి. ఈథీరియం మీద నడిచే యాప్‌లలో 'అప్రూవ్' అనే మెట్టు ఒకటి వస్తుంది. ఫలానా యాప్ నా వాలెట్‌లోంచి ఫలానా టోకెన్లను (క్రిప్టో నాణేలను) తీసుకోవచ్చు అని ఇచ్చే అనుమతి అది. ఎంత తీసుకోవచ్చో అందులో రాయాలి. వాడేవాడు ప్రతిసారీ అనుమతి ఇచ్చే పని లేకుండా, ప్రతిసారీ ఫీజు పడకుండా ఉండాలని చాలా యాప్‌లు అక్కడ పట్టగలిగినంత పెద్ద సంఖ్యను రాసేస్తాయి. ఆ సంఖ్యకు 78 అంకెలు. అంటే ఇప్పుడున్నదీ రేపు రాబోయేదీ అంతా తీసుకోవచ్చు, గడువు లేదు అని. ఇది ఖాళీ ప్రోనోటే. రాసేది ఎదుటివాడు, వేలిముద్ర మనది. వాడేవాడి సౌకర్యం కోసమే పెట్టిన ఏర్పాటు ఇది అన్నది గమనించాలి. నొక్కాల్సిన బటన్లు తగ్గితే వాడకం సులువైనట్టే అనుకునే డిజైనర్లు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి.

యూపీఐలో 2020లో వచ్చిన ఆటోపే తెరను దీని పక్కన పెట్టి చూడండి. నెలనెలా డబ్బు కోసుకోవడానికి అనుమతి ఇచ్చేటప్పుడు ఎవరికి, గరిష్ఠంగా ఎంత, ఎన్నాళ్ళకోసారి, ఏ తేదీ దాకా అన్నవి రాసి ఉంటాయి. ఇష్టం లేకపోతే అదే యాప్‌లో రద్దు చేసుకోవచ్చు. ఇందులో గొప్ప సాంకేతిక అద్భుతం ఏమీ లేదు. ప్రోనోటులో అంకె, తేదీ ముందే నింపి ఉండాలన్న పాత జాగ్రత్తే. వాలెట్లలో కొన్ని ఆ పరిమితిని మార్చుకునే వీలు ఇస్తున్నాయి. చాలా సందర్భాల్లో అది కంటికి ఆనని చిన్న అక్షరాల్లోనే ఉంటోంది.

చదవకుండా సంతకం చేయడం చదువురానివాళ్ళ సమస్య అనుకుంటే పొరపాటు. 2025 ఫిబ్రవరి 21న క్రిప్టో కొనుగోళ్ళు, అమ్మకాలు జరిపే బైబిట్ ఎక్స్ఛేంజి నుంచి దాదాపు 150 కోట్ల డాలర్ల విలువైన ఈథర్ (ఈథీరియం నాణెం) పోయింది. అది ఒక్కరి సంతకంతో కదిలే డబ్బు కాదు, కొందరు అధికారులు విడివిడిగా సంతకాలు చేయాలి. చేశారు. వాళ్ళకు తెర మీద కనిపించింది రోజూ చేసే మామూలు బదిలీ. నిజంగా సంతకం పడింది మాత్రం వాలెట్ మీద అధికారాన్నే దొంగల చేతికి రాసిచ్చే ఆదేశం మీద. సంతకాల యాప్‌ను తయారుచేసే డెవలపర్ కంప్యూటర్‌లోకి ముందే చొరబడి, తెర మీద కనిపించేదాన్ని మార్చేశారు. లెడ్జర్ లెక్క ఎక్కడా తప్పలేదు, గణితం చెక్కుచెదరలేదు. అబద్ధం చెప్పింది తెర. కాబట్టి సంతకం చేసేచోట ఏం జరగబోతోందో మనిషి భాషలో, యాప్‌తో సంబంధం లేని ఇంకో పరికరం మీద కూడా కనిపించాలన్న వాదనకు అప్పటినుంచి బలం పెరిగింది. డిజైన్ అంటే అలంకారం అనుకునేవాళ్ళకు ఇంతకన్నా పెద్ద జవాబు దొరకదు.

యూపీఐ చరిత్రలో ఇంకో చిన్న ఘట్టం ఉంది. 'మీకు డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి' అని నమ్మించి, నిజానికి మన దగ్గర డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టు పంపే మోసాలు పెరిగాయి. హెచ్చరికలు పెట్టారు, ప్రకటనలు ఇచ్చారు. చివరికి 2025 అక్టోబర్ 1 నుంచి వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టునే యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ ఎత్తేసింది. వందసార్లు జాగ్రత్త చెప్పడం కన్నా గుంతను పూడ్చేయడం మేలని తేల్చుకున్నట్టే. అన్ని యాప్‌లకూ ఒక్క సర్క్యులర్‌తో పని అయిపోయింది, ఎందుకంటే మధ్యలో ఎన్‌పీసీఐ ఉంది. వికేంద్రీకృత వ్యవస్థలో ఆ సర్క్యులర్ ఇచ్చేవాళ్ళు లేరు. ఒక వాలెట్ ప్రమాదకరమైన అనుమతిని ఆపేసినా పక్క వాలెట్ 'మా దగ్గర అడ్డంకులు లేవు' అని చెప్పుకుంటుంది. స్వేచ్ఛకు ఇది ధర. ఈ ధర ఉందని ముందే ఒప్పుకున్నవాళ్ళే మంచి డిజైన్ వైపు నడవగలరు.

భాష దగ్గరికి వద్దాం. ఈ రంగం మాటలు తెలుగు చెవికి వింతగా తగులుతాయి. గ్యాస్ ఫీజు అంటే సిలిండర్ గుర్తొస్తుంది. వాలెట్ అంటే పర్సు, పర్సులో డబ్బుండాలి. కానీ ఈ వాలెట్‌లో డబ్బుండదు, తాళంచెవులే ఉంటాయి. డబ్బు లెడ్జర్‌లో ఉంటుంది. దీనికి మొదటినుంచీ తాళాలగుత్తి అన్న పేరు పెట్టి ఉంటే ఫోన్ ఫార్మాట్ కొట్టేముందు జనం తప్పకుండా ఒకసారి ఆలోచించేవాళ్ళు. పేరే తప్పుదారి పట్టిస్తే కింద ఎన్ని సూచనలు రాసినా ఎక్కవు. కొందరు అనువాదకులు వీటికి సంస్కృత సమాసాలు కట్టి ఇస్తున్నారు. వాటిని ఎవరూ వాడరు, పాపం ఆ అనువాదకులు కూడా. గ్యాస్ ఫీజు అనే బదులు 'ఈ పని చేయించినందుకు ఫీజు 12 రూపాయలు' అని రాస్తే అందరికీ తెలుస్తుంది.

పన్నెండు పదాల సంగతి ఇంకా లోతైనది. బిప్-39 అనే ప్రమాణం ప్రకారం ఈ పదాలు 2048 పదాల జాబితాలోంచి వస్తాయి. ఇంగ్లీషు, జపనీస్, కొరియన్, స్పానిష్, చైనీస్, ఫ్రెంచ్, ఇటాలియన్, చెక్, పోర్చుగీస్ జాబితాలున్నాయి. భారతీయ భాష ఒక్కటీ లేదు. కాబట్టి మలక్‌పేటలో కూర్చున్న తెలుగు మీడియం మనిషి కూడా తన ఆస్తి తాళంచెవిని ఇంగ్లీషు పదాల్లోనే దాచుకోవాలి. చెవికి వినిపించినట్టు తెలుగులో రాసుకుంటే? 'రైట్' అని రాసుకున్నాడనుకోండి. ఇంగ్లీషు జాబితాలో కుడివైపు అనే రైట్ ఉంది, రాయడం అనే రైట్ కూడా ఉంది. ఏది? 'నైఫ్' అని రాసుకుంటే దాని ముందు పలకని అక్షరం ఒకటుందని ఆరేళ్ళ తర్వాత గుర్తుండాలి. ఇంగ్లీషు జాబితా తయారుచేసినవాళ్ళు మొదటి నాలుగు అక్షరాలతోనే ఏ పదమో తేలిపోయేలా జాగ్రత్తపడ్డారు. ఆ జాగ్రత్త ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళకే అక్కరకొస్తుంది.

సరే, తెలుగు జాబితా తయారుచేద్దామంటే అదీ తేలిక కాదు. పెళ్లి, పెళ్ళి రెండూ సరైనవే. చూశాడు, చూసాడు రెండూ కనిపిస్తాయి. ఇలా రెండు రూపాలున్న పదాలన్నీ ఏరి పారేయాలి. ఒత్తుల దగ్గర, పొల్లుల దగ్గర టైపింగ్‌లో కంటికి కనిపించని గుర్తు ఒకటి చేరుతుంటుంది, సాఫ్ట్‌వేర్ అన్న మాటలో టకారపొల్లు తర్వాత ఉన్నట్టు. అది ఉన్న మాట, లేని మాట కంటికి దాదాపు తేడా లేకుండా కనిపించే సందర్భాలుంటాయి. యంత్రానికి మాత్రం అవి వేర్వేరు. ఒక్క అక్షరం తేడా వస్తే వచ్చే తాళంచెవే మారిపోతుంది కాబట్టి ఇలాంటి మాటలు అసలు ఉండకూడదు. అయినా ఇల్లు, చెట్టు, కుండ, నాగలి, ఆవు లాంటి అందరికీ తెలిసిన, ఒకే విధంగా రాసే పదాలు తెలుగులో రెండు వేలకు కొదవ లేదు. ఇది బ్లాక్‌చెయిన్ ఇంజనీర్లు, తెలుగు పండితులు, కంప్యూటర్లలో అక్షరాలకు వాడే యూనికోడ్ తెలిసినవాళ్ళు కలిసి కూర్చోవాల్సిన పని. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చిన 'స్వేచ్ఛ' లాంటి సంస్థ ఉన్న హైదరాబాద్‌లో ఈ పని జరగకపోతే ఇంకెక్కడా జరగదు.

చిరునామాల గొడవ క్లుప్తంగా. ఈథీరియం చిరునామాలో 42 అక్షరాలు. జనం మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి సరే అంటారు. తెర కూడా మధ్యభాగాన్ని చుక్కలు పెట్టి దాచేస్తుంది. ఆ చివరలు కలిసే నకిలీ చిరునామాలు తయారుచేసి, వాటి నుంచి చిన్న లావాదేవీ పంపి, పాత లావాదేవీల జాబితాలో దూరడం ఒక మోసం. 2024 మేలో ఒకరు ఇలా జాబితాలోంచి తప్పు చిరునామా ఎంచుకుని దాదాపు 7 కోట్ల డాలర్ల విలువైన బిట్‌కాయిన్ టోకెన్లు పంపేశారు. తర్వాత అందులో చాలాభాగం తిరిగొచ్చింది, అది అదృష్టం. ఇరానీ హోటల్ గల్లా దగ్గర పది రూపాయలు పంపినా ముందు ఎదుటివారి పేరు చూపించే యూపీఐకి అలవాటుపడ్డ ఊరికి ఇది అర్థంకాని వెనకబాటుతనం.

సోషల్ మీడియా వైపు కథ వేరు, అక్కడ పోయేది డబ్బు కాదు ఓపిక. 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతాను ఆపేశారన్న కోపంతో భారతీయులు చాలామంది మాస్టడాన్‌కు వెళ్ళారు. 2022 చివర్లో ట్విట్టర్ చేతులు మారినప్పుడు ప్రపంచమంతటా ఇంకో అల వచ్చింది. మాస్టడాన్ వేర్వేరు వాళ్ళు నడిపే సర్వర్ల సమూహం కాబట్టి వెళ్ళినవాళ్ళకు ఎదురైన మొదటి ప్రశ్న: ఏ సర్వర్? ఊళ్ళో అడుగు పెట్టకముందే ఏ కాలనీలో ఇల్లు తీసుకుంటారని అడిగినట్టు. కాలనీల మధ్య తేడా తెలిసేది అక్కడ కొన్నాళ్ళు ఉన్నాకే కదా. చివరికి 2023లో మాస్టడాన్ వాళ్ళే తమ సొంత సర్వర్‌ను ముందుగా చూపించడం మొదలుపెట్టారు. సిద్ధాంతం ప్రకారం ఇది కేంద్రీకరణే అని పాతకాపులు గొణిగారు. వాళ్ళ మాటలో నిజముంది, కానీ ఆ నిర్ణయం సరైనదే. మొదటిరోజు ఎవరికీ ఎంపికలు అక్కర్లేదు. రెండో ఏడాది ఇల్లు మారాలనుకున్నప్పుడు సామాను మోసుకెళ్ళగలగడం ముఖ్యం. అక్కడే మాస్టడాన్ సగంలో ఆగింది: సర్వర్ మారితే ఫాలోవర్లు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. 2024 ఫిబ్రవరిలో అందరికీ తలుపులు తెరిచిన బ్లూస్కై ఈ ప్రశ్నను ముందుకు రానివ్వకుండా దాచింది, కాబట్టి చేరడం తేలికైంది. అయితే జనంలో ఎక్కువమంది ఆ కంపెనీ సర్వర్ల మీదే ఉండిపోయారు. సౌకర్యం ఎక్కడుంటే కేంద్రం అక్కడికే చేరుతుంది.

హైదరాబాద్‌కు ఈ రంగంతో పరిచయం కొత్తది కాదు. మాసాబ్ ట్యాంక్‌లో రిజర్వ్ బ్యాంకు నెలకొల్పిన పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ 2017లోనే బ్యాంకింగ్‌లో బ్లాక్‌చెయిన్ గురించి శ్వేతపత్రం ప్రచురించింది. కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో మొదలుపెట్టిన విశ్వస్య బ్లాక్‌చెయిన్ వేదిక నడిచే మూడు డేటా కేంద్రాల్లో ఒకటి ఇక్కడే ఉంది, మిగతావి భువనేశ్వర్, పుణె. కానీ డిజైన్ కోణంలో చూస్తే వీటన్నిటికన్నా ఆసక్తికరమైనది టీ-చిట్స్. తెలంగాణ రిజిస్ట్రేషన్, స్టాంపుల శాఖ చిట్‌ఫండ్ కంపెనీల మీద నిఘాకు హైదరాబాద్ స్టార్టప్ చిట్‌మాంక్స్‌తో కలిసి తెచ్చిన వ్యవస్థ అది. లెక్కలు బ్లాక్‌చెయిన్ మీదకు ఎక్కుతాయి. చిట్టీ కట్టే మనిషికి తాళంచెవులతో, పన్నెండు పదాలతో పని లేదు. పాట ఎంతకు పోయింది, ఎవరు ఎత్తారు, వాయిదా ఎంత, ఇవి తెలిస్తే చాలు.

దీన్ని అసలు వికేంద్రీకరణ అని ఒప్పుకోనివాళ్ళున్నారు, వాళ్ళన్నది కొట్టిపారేయలేం. నడిపేది ప్రభుత్వం, ఎవరు పడితే వారు అందులో చేరలేరు. అయినా ఇక్కడొక పాఠం దొరుకుతుంది. యంత్రాన్ని పూర్తిగా దాచి, మనిషికి అలవాటైన లెక్కను ముందుకు తెచ్చారు. దాచాల్సింది యంత్రాన్ని, దాచకూడనిది పర్యవసానాన్ని. వాలెట్ తయారుచేసేవాళ్ళు తరచూ దీన్ని తలకిందులు చేస్తారు. హాష్ నంబరు, బ్లాక్ నంబరు పెద్దగా చూపిస్తారు, ఇక డబ్బు వెనక్కి రాదన్న మాటను మింగేస్తారు.

చిట్టీల నుంచే ఇంకో ఏర్పాటు తెచ్చుకోవచ్చు. చిట్టీ ఎత్తినవాడు జామీను ఇవ్వాలి, తనను ఎరిగిన నలుగురి చేత సంతకాలు పెట్టించాలి. వాలెట్లలో సోషల్ రికవరీ అనే పద్ధతి దీనికి దగ్గరి చుట్టం. తాళంచెవి పోతే, ముందే ఎంచుకున్న ఐదుగురిలో ముగ్గురు 'అవును, ఇది ఫలానావారి ఖాతానే' అని ఒప్పుకుంటే కొత్త తాళంచెవి వస్తుంది. వాళ్ళు డబ్బు కట్టనక్కర్లేదు, ఏ ఒక్కరూ తమంతట తాము తీసుకోలేరు కూడా. మధ్యలో కొన్ని రోజుల వ్యవధి పెడితే, ఆ ముగ్గురూ కుమ్మక్కైనా అసలు యజమాని చూసుకుని ఆపగలడు. 2023 మార్చిలో ఈథీరియం మీదకు వచ్చిన ఈఆర్‌సీ-4337 అనే ప్రమాణం, 2025 మేలో పెక్ట్రా అప్‌గ్రేడ్‌తో వచ్చిన ఈఐపీ-7702 అనే మార్పు వల్ల ఇలాంటివి, రోజువారీ పరిమితులు, ఫీజును యాప్ వాళ్ళే కట్టడం లాంటివి తేలికయ్యాయి. వేలిముద్రతో తెరుచుకునే పాస్‌కీలు కూడా కలిపితే పన్నెండు పదాల అవసరమే తగ్గుతుంది. తిరకాసు ఏమిటంటే ఆ పాస్‌కీలు సాధారణంగా గూగుల్ ఖాతాలోనో యాపిల్ ఖాతాలోనో భద్రమవుతాయి. ముందు తలుపు నుంచి వెళ్ళగొట్టిన కంపెనీ పెరటి తలుపు నుంచి వచ్చి కూర్చున్నట్టే. చిన్న మొత్తాలకు ఇది ఫర్వాలేదు. జీవితకాలపు కష్టార్జితానికి ఐదుగురు మనుషులే నయం, వాళ్ళు ఐదు వేర్వేరు ఇళ్ళలో ఉండేవాళ్ళయితే.

తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలన్నది మిగిలింది. వేర్వేరు యాప్‌లను కలిపే ఆన్‌లైన్ కొనుగోళ్ళ నెట్‌వర్క్ ఓఎన్‌డీసీలో కూడా ఈ ఇబ్బంది కనిపిస్తుంది. కొనే యాప్ ఒకరిది, అమ్మే యాప్ ఇంకొకరిది, తెచ్చిచ్చేది మూడోవారు. పప్పు బదులు ఉప్పు వస్తే ముగ్గురూ ఒకరివైపు ఒకరు చూస్తారు. ఆ నెట్‌వర్క్ నియమాల్లో ఫిర్యాదు ఎలా నడవాలో రాసి ఉంది, కొనేవాడికి ఆ పుస్తకంతో పని లేకుండా చేయడం తెర పని. బ్యాంకు డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే అది వేరే ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం ఉంటుంది. సొంత వాలెట్ నుంచి పోయిన బిట్‌కాయిన్‌ను, ఈథర్‌ను ఆపే బటన్ ఎవరి దగ్గరా లేదు. ఆ సంగతి నిబంధనల పేజీ అడుగున కాకుండా, మొదటిసారి డబ్బు వేసే తెర మీదే, పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాసిన వాలెట్లు చాలా అరుదు.

నామినీ ప్రశ్న కూడా ఇంకా గాలిలోనే ఉంది. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకునే వీలొచ్చింది. ఖాతాదారు పోతే కుటుంబం మరణ ధ్రువీకరణ పత్రం పట్టుకుని బ్రాంచికి వెళ్తుంది, కౌంటర్‌లో ఎవరో ఒకరు ఫారం ఇస్తారు. సొంత వాలెట్‌కు బ్రాంచి లేదు, ఫారం లేదు. బీరువాలో చీరల మడతల కింద దొరికిన ఒక కాగితం, దాని మీద పన్నెండు పదాలు, అవేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ కాగితం పైన 'ఇది ఫలానా వాలెట్ తాళంచెవి, దీన్ని ఫొటో తీయవద్దు, ఎవరికీ చదివి వినిపించవద్దు, ముందుగా ఫలానావారిని కలవండి' అని నాలుగు తెలుగు వాక్యాలు అచ్చువేసి ఇవ్వడానికి కొత్త ప్రోటోకాల్ అక్కర్లేదు, ఒక ప్రింటర్ చాలు.